హామ్‌స్టర్‌కి భద్రమైన చోటు

"ఫ్రిజ్ మీద వద్దంటే వద్దు. అది గుర్రుమన్నప్పుడల్లా నా హామ్‌స్టర్ వణికిపోతోంది," అంది కూతురు, పంజరాన్ని గుండెలకి హత్తుకుని.

"కిటికీలో పెడితే ఎండ, వంటింట్లో పెడితే పొగ. ఇంక నా నెత్తిన పెట్టు," అంది తల్లి.

నాయనమ్మ తన గది గుమ్మంలోంచే తేల్చేసింది. "సాయంత్రంలోగా ఆ ఎలుకకి ఓ చోటు చూశారా, సరే. లేదంటే కొన్న కొట్టుకే తిరిగి పోతుంది." తలుపు దగ్గరగా వేసుకుంది. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తండ్రి దర్జీ. ముందుగదే ఆయన దుకాణం. కూతురి ముఖం చూడలేక, పంజరాన్ని బట్టలు కత్తిరించే బల్ల మీద ఓ మూల పెట్టాడు. పక్కనే వకీలుగారి కొత్త కోటు వేలాడుతోంది. టేపు తీసి రెండింటి మధ్య దూరం కొలిచాడు.

"అందదులే. కొలతల్లో నేనెప్పుడైనా తప్పానా?" అన్నాడు భార్యతో.

తప్పలేదు. కానీ ఆయన భోజనానికి లేచాక తల్లి అటుగా వచ్చి, "పాపం, దీనికి ఉక్కపోస్తోందేమో," అని ఫ్యాను వేసి వెళ్లింది. కోటు ఊగింది. దాని చెయ్యి పంజరాన్ని తాకింది. హామ్‌స్టర్ ఆ చేతి లోపలి మెత్తటి గుడ్డని పళ్లతో పట్టుకుని, పరుపు చేసుకుందామని ఊచల్లోంచి లోపలికి లాక్కుంది.

ఇంతలో వకీలు హడావిడిగా వచ్చాడు. "టైము లేదయ్యా," అంటూ కోటు తనే లాగి ఒక చెయ్యి తొడుక్కున్నాడు. రెండో చేతితో పాటు పంజరమూ గాల్లోకి లేచి, కుట్లు తెగిన ఆ కోటు చెయ్యితో సహా దబ్బున కిందపడింది. దాని తలుపు ఊడింది.

"అయ్యో, ఎలుక!" వకీలు బల్లెక్కాడు.

"ఎలుక కాదండీ, హామ్‌స్టర్!" కూతురు ఏడుస్తూనే సరిదిద్దింది.

"తలుపులు మూయండి!" అని భోజనం మధ్యలోంచి పరుగెత్తుకొచ్చిన తండ్రి అరిచాడు.

"మూస్తే ఎటు పోయిందో ఎలా తెలుస్తుందండీ?" అంటూ తల్లి అన్నీ తెరిచింది.

బల్ల కింద లేదు, మిషను కింద లేదు, పేలికల బుట్టలోనూ లేదు. వెతకని గది ఒక్కటే మిగిలింది. నువ్వు ముందంటే నువ్వు ముందని భార్యాభర్తలు ఒకరినొకరు తోసుకుంటుంటే, కూతురే వెళ్లి తలుపు నెట్టింది.

నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో శాలువా మడతల మధ్య హామ్‌స్టర్, రెండు బుగ్గల్లోనూ వేరుశనగపప్పులు కుక్కుకుంటోంది.

"గట్టిగా మాట్లాడకండి, బెదురుతుంది," అంది ఆవిడ మెల్లగా. "ఇది ఇక నా గదిలోనే ఉంటుంది. మీ చేతుల్లో అయితే బతకదు."

కూతురు చప్పుడు కాకుండా గంతులేసింది.

వెనక నుంచి తొంగి చూసిన వకీలు, ఒంటిచేతి కోటు సర్దుకుంటూ, ఇలాంటి తీర్పు మీద అప్పీలు ఉండదన్నాడు.