లైటు ఆర్పుతున్నదెవరు?

లైటు మళ్లీ ఆరిపోయింది.

కంప్యూటర్ తెర మీద ముగ్గురు పెద్దమనుషులు కళ్లు చికిలించారు. "అత్యవసర పరిస్థితిలో మీరు మొట్టమొదట ఏం చేస్తారు?" అని అడిగి, ఇంకా నోరు మూయలేదు ఛైర్మన్.

"కంగారు పడనండి," అంది ఇంజనీరమ్మ చీకట్లోంచి.

పెద్ద ఫ్యాక్టరీలో ప్రమాదాల నివారణ విభాగానికి అధిపతి పదవి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆఖరి ఇంటర్వ్యూ. ఇంట్లో ఇంటర్నెట్ నిలకడగా అందేది కిటికీ లేని ఆ చిన్న గదిలోనే. అక్కడున్నదేమో ఆమె భర్త పోయిన వారమే బిగించిన స్మార్ట్ లైటు. దాని యాప్ ఆయన ఫోన్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఆయన బీమా సర్వేయర్. కాలిపోయిన గోడౌన్లలో తిరిగి, నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చడమే ఆయన వృత్తి. కింద మీటర్ల దగ్గర ఫ్యూజు బిగించి, రెండేసి మెట్లు దూకుతూ పైకి వచ్చాడు. గడప దాటగానే గదిలో లైటు వెలిగింది.

"చూశారా అత్తయ్యగారూ! నా చెయ్యి పడితే అంతే!"

"బాగానే ఉంది గానీ, ఇందాక నేనే లైటు ఆర్పానని గయ్యిమన్నారు కదా అల్లుడుగారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి."

ఇంతలో పై అంతస్తులో డ్రిల్లింగ్ మోత మొదలైంది. సర్వేయర్ కళ్లు మెరిశాయి. "అదీ సంగతి! మన కరెంటు లాగేస్తున్నది వాడే!" అంటూ పైకి పరిగెత్తాడు. కింద లైటు ఆరిపోయింది.

కాసేపటికి అక్కడ పనిచేస్తున్న వడ్రంగి మేస్త్రిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. లైటు వెలిగింది.

"నీ మిషన్ ఆపగానే వచ్చింది! ఇంకేం చెప్తావ్?"

"నా మిషన్‌కీ మీ బల్బుకీ ఏం చుట్టరికం సార్?"

"నువ్విక్కడే కూర్చో. అత్తయ్యగారూ, వీణ్ణి కదలనివ్వకండి. నేను పై అంతస్తు ఫ్యూజే పీకేస్తా!"

ఆయన కిందికి దిగాడు. ఏదో ఒక ఫ్యూజు పీకాడు. లిఫ్టు మధ్యలో ఆగింది. లోపలున్న అపార్ట్‌మెంట్ సెక్రటరీ కేకలు అన్ని అంతస్తులకూ వినిపించాయి. ఇంజనీరమ్మ గది మళ్లీ చీకటైంది.

తెర మీద ఛైర్మన్ కాగితాలు పక్కన పడేశాడు. "ఇక ప్రశ్నలు చాలమ్మా. ఈ లైటు ఎందుకు ఆరుతోందో తేల్చండి. ఉద్యోగం దాని మీదే."

ఆమె తలుపు వైపు తిరిగింది. "అమ్మా! మేస్త్రి ఏం చేస్తున్నాడు?"

"నా ఎదురుగానే ఉన్నాడే, మంచినీళ్లు తాగుతున్నాడు."

"మరి ఆయన?"

"కిందికి దిగారు."

"ఇందాక ఆరినప్పుడు?"

"పైకెళ్లారు."

"అంతకు ముందు?"

"కిందికే. కాలు నిలవట్లేదే ఆయనకి!"

సర్వేయర్ రొప్పుతూ లోపలికి వచ్చాడు. లైటు వెలిగింది. "పీకేశా! ఇక వాడి ఆటలు సాగవు!" అంటుండగానే ఆమె ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని యాప్ తెరిచింది. 'యజమాని ఫోన్ ఇంటి వైఫై దాటితే లైట్లు ఆర్పు, తిరిగొస్తే వెలిగించు' అన్న చోట పచ్చగా టిక్కు పెట్టి ఉంది.

"కరెంటు ఆదా అవుతుందని..." సర్వేయర్ నసిగాడు.

"దొరికిందా అమ్మా?" అన్నాడు ఛైర్మన్ ముందుకు వంగి.

"దొరికిందండీ. యంత్రంలో లోపం లేదు. వైరింగ్ బాగుంది. మేస్త్రి నిర్దోషి."

"శభాష్. ఎప్పుడు చేరతారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ దోషి ఎవరో చెప్పండి, రికార్డులో రాసుకోవాలి."

ఇంజనీరమ్మ కెమెరాను కాస్త పక్కకు తిప్పింది.

"మా ఆయనండీ."