సలహా గదిలో ఈగ

సోమవారం పొద్దున్నే, కళ్లద్దాల మందాన్ని బట్టి సోడాబుడ్డి అని పేరు పడ్డ కుర్రాడు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, కూజాలో నీళ్లు నింపి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. విశ్వవిద్యాలయం హాస్టల్లో మితిమీరి తాగే కుర్రాళ్లకు తోటి విద్యార్థుల చేతనే నచ్చజెప్పించాలని వార్డెన్ మేడం పెట్టిన రెండు సలహా గదుల్లో అదొకటి. ఇంతవరకూ లోపలికి వచ్చింది ఒక ఈగ.

ఎదురుగదిలో మాజీ ఉండేవాడు. మాజీ తాగుబోతు కాబట్టి ఆ పేరు. మురుగుకాలవలో తెల్లవారిన వైనం అతను చెబుతుంటే కుర్రాళ్లు కళ్లొత్తుకునేవారు. అతని గది ముందు వరస మెట్లదాకా సాగేది. వచ్చే ఏడు ఒక్క గదే ఉంచుతానని మేడం అన్నప్పటినుంచీ ఆ వరసను చూస్తే సోడాబుడ్డికి కళ్లలో కారం కొట్టినట్టుండేది. పుస్తకాలన్నీ నమిలి మింగినవాడు తను. కాలవలో పడ్డవాడికా పట్టాభిషేకం?

అందుకే, వరసలో నిలబడి విసిగిన ఒక జూనియర్ ఇటు తొంగిచూడగానే చేయి పట్టి కూర్చోబెట్టి, తనూ సీసాలకు సీసాలు ఖాళీ చేసినవాడినేనన్నాడు.

"ఎప్పుడు మానేశావన్నా?"

ఆ ప్రశ్న పుస్తకాల్లో లేదు. "మొన్న శనివారం," అనేశాడు.

జూనియర్ ఆలోచించాడు. అంటే పోయిన సోమవారం ఇదే కుర్చీలో కూర్చున్నది తాగే మనిషన్నమాట. టిఫిన్ అయ్యేలోగా ఆ మాట హాస్టలంతా పాకింది. మేడం పరుగున వచ్చి, "ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నావా నాన్నా," అని తల నిమిరింది. కాదంటే అబద్ధాలకోరు, ఔనంటే తాగుబోతు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోడాబుడ్డి తల దించుకున్నాడు. అది పశ్చాత్తాపమనుకుని మేడం ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మను ఏడిపించింది, అతణ్ణి తీసుకెళ్లి మాజీ గది ముందు వరస చివర నిలబెట్టింది.

గంటన్నరకు వంతు వచ్చింది. తలుపు మూయగానే ఉక్రోషం తన్నుకొచ్చింది.

"నేను చుక్క ముట్టినవాణ్ణి కాదు. నీ మీద ఏడుపుతోనే ఇదంతా."

మాజీ లేచి గడియ సరిగా పడిందో లేదో చూసుకున్నాడు. "మెల్లగా అను. నేనూ ముట్టలేదు."

"మరి మురుగుకాలవ?"

"పడింది మా బాబాయి. లాక్కొచ్చింది నేను."

బయటపడితే ఇద్దరి గదులూ పోతాయి. ఇద్దరూ నోళ్లు కుట్టుకున్నారు.

ఆ పై సోమవారం వరస దారి మార్చింది. మాజీ మానేసి మూడేళ్లయిందట, అతనికింకేం గుర్తుంటుందని కుర్రాళ్లు అనుకున్నారు. మొన్నటిదాకా తాగినవాడికైతే బాధ పచ్చిగా ఉంటుంది కదా. మేడం వచ్చే ఏటి గదిని సోడాబుడ్డికే ఖాయం చేసింది.

ఎదురుగదిలో మాజీ కూజా నిండా నీళ్లు పెట్టుకుని, ఆ వరసను మిర్రిమిర్రి చూస్తూ కూర్చున్నాడు. ఈగ మాత్రం అటు మారింది.