సర్దుబాటు చార్జీ

పొద్దున ఆరింటికల్లా శేషన్న గీజరు స్విచ్చికి అడ్డంగా టేపు అంటించాడు. నిన్న కరెంటు బిల్లు చూసినప్పటి నుంచీ అతనికి ఒళ్లు మండుతూనే ఉంది. వాడింది పోయిన నెలంతే, కట్టాల్సింది మూడొందలు ఎక్కువ. అదేమని అడిగితే సర్దుబాటు చార్జీ అట. ఎవరు ఎవరికి సర్దుతున్నారో చెప్పే నాథుడు లేడు.

"మోకాళ్లకు ఉడుకునీళ్లు లేకుంటే నేనెట్లా లేసేదిరా?" అంది తల్లి వెంకటేశ్వరమ్మ.

"కట్టెల మీద కాగపెడతాండా. అంతవరకు పండుకో."

ఆవిడ కోపంతో తలదాకా దుప్పటి లాక్కుంది. భార్య రమణి కడపలో పెళ్లికి పోయింది కాబట్టి ఇంట్లో అతనికి అడ్డు చెప్పేవాళ్లు లేరు. కల్లూరులో కొత్తిల్లు, పెరడు లేదు. గేటు ముందే మూడు రాళ్లు పెట్టి, పాత సెంట్రింగు చెక్కలు ఎగదోసి, డేగిసా నిండా నీళ్లు పెట్టాడు. పొగకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారసాగాయి.

షేర్ ఆటోలో పోతున్న పక్కింటి ఓబుళేశు అది చూసి దిగిపోయాడు. ఇంటి ముందు నిప్పు, దాని మీద స్నానానికి నీళ్లు, కళ్లు తుడుచుకుంటున్న కొడుకు, లోపల ముసలి తల్లి. ఇంక అడగాల్సిందేముంది? చెప్పులు విడిచి, శేషన్న భుజం నొక్కి, తలవంచుకుని వెళ్లాడు. బిల్లు బాధ తెలిసినవాడు వీధిలో ఒక్కడైనా ఉన్నాడని శేషన్న సంతోషించాడు.

గంట తిరిగేసరికి ఇంటినిండా జనం. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ఓబుళేశు పిలిపించిన దాసన్న, శవాన్ని పెట్టే అద్దె ఫ్రీజర్ పెట్టెను హాల్లో దించి వైరు ప్లగ్గులో గుచ్చాడు.

"యాడ పెడతాండావప్పా ఆ వైరు? తీ ముందు. మాయమ్మ బతికే ఉండాది," అని అరిచాడు శేషన్న.

"శానా దెబ్బ తగిలినట్టుండాది. పట్టుకోండి," అన్నాడు ఓబుళేశు. ఇద్దరు శేషన్న రెక్కలు పట్టుకున్నారు. అతని కళ్లెదుటే మీటరు మీద ఎర్రలైటు టకటకా కొట్టుకుంటోంది. కోపంతో అతనికి ఏడుపొచ్చింది. ఏడవనీయండి, మంచిదే అన్నారు జనం.

ఓబుళేశు కబురంది అప్పుడే ఆటో దిగిన శేషన్న చెల్లెలు గురమ్మ లోపలికి పరుగెత్తి దుప్పటి మీద పడి శోకాలు పెట్టింది. దుప్పటి లేచి కూర్చుంది. గురమ్మ ఎగిరి వెనక్కి దూకింది.

వెంకటేశ్వరమ్మ గోడ పట్టుకుంటూ హాల్లోకి వచ్చి, గుర్రుమంటున్న పెట్టెను తడిమి చూసింది.

"ఇది నాకేనా?"

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"సచ్చినాక సల్లగుండేదానికి ఇంత కరెంటు ఉండాది. బతికుండంగా రెండు చెంబుల ఉడుకునీళ్లకు లేదా రా?"

ఆ పెట్టె తాను తెప్పించలేదని చెప్పబోయి శేషన్న ఆగాడు. నిజంగా తల్లి పోయే రోజే వస్తే రేటు అడక్కుండా తనే తెప్పించేవాడు. సిగ్గుతో తల దించుకుని వెళ్లి, గీజరు మీది టేపు పీకి స్విచ్చి వేశాడు.

జనం వెళ్లాక దాసన్న చెయ్యి చాపాడు.

"పెట్టె వాడలేదు గదప్పా," అన్నాడు శేషన్న.

"డీజిల్ రేటు పెరిగిండాది గదన్నా. ఐదొందలియ్యి, సర్దుకుంటా."

శేషన్న పళ్లు కొరుకుతూ ఇచ్చాడు. ఎవరు ఎవరికి సర్దుతున్నారో అతనికి అప్పుడు తెలిసింది.