మేనేజరు పంపిన గుడ్లగూబ

ఆ రోజు ఎలాగైనా ఒక్క బొమ్మ, ఒకే ఒక్క బొమ్మ, కాగితం మీదికి దించి ఇంటికి పట్టుకుపోవాలని నిశ్చయించుకుని పిన్ని అందరికన్నా ముందే ఆఫీసుకు చేరుకుంది.

ఎవరికి పిన్ని అని అడగకూడదు. అట్టపెట్టెలు తయారుచేసే ఆ కంపెనీలో అందరికీ పిన్నే. ఆమెకంటే వయసులో పెద్దదైన లెక్కల మేడం కూడా అలాగే పిలిచేది. పెట్టెల మీద అంటించే లేబుళ్ళు తయారుచేయడం పిన్ని ఉద్యోగం. ఇంటర్నెట్‌లో కనబడిన అందమైన బొమ్మనల్లా దాచుకోవడం పిన్ని జబ్బు. కాగితం మడిచి చేసిన కొంగలు, దారంతో కుట్టిన కొండలు, ఇంకుతో గీసిన ఏనుగులు, ఏవి కంటబడినా వేలు ఊరుకునేది కాదు. "ఇది తప్పకుండా చేద్దాం" అనుకుని దాచేది. దాచేలోపల ఇంకోటి కనబడేది. అలా వేలకొద్దీ పోగుపడ్డాయి గానీ, ఇంట్లో కత్తెరకు పట్టిన తుప్పు మాత్రం వదల్లేదు.

"వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా?" అని ముందురోజు మొగుడు ఒక్క మాట అన్నాడు. అంతే. ఆ మాట అరికాలిలో ముల్లులా ఆమెను నిలవనివ్వడం లేదు. ఒక కాగితపు ఇంటి బొమ్మ ముద్ర తీసుకుని, సాయంత్రం అచ్చం అలాంటిదే చేసి ఆ మనిషి ముందు పెడితే గానీ మనసు కుదుటపడేలా లేదు.

రంగుల ప్రింటరు మేనేజరు గదిలో కంప్యూటరుకే తగిలించి ఉంటుంది. రోజూ పొద్దున్నే లేబుళ్ళకోసం పిన్ని అక్కడే కూర్చుంటుంది కాబట్టి ఆ గదిలోకి వెళ్ళడం తప్పు కాదు. సొంత బొమ్మ ముద్ర తీయడమే తప్పు. అందులోనూ రోజులు బాగాలేవు. మేనేజరు కొత్తవాడు. నవ్వడు, తిట్టడు, మాట్లాడడు. మనుషుల్ని తగ్గించడానికే పై ఆఫీసు ఆయన్ని పంపిందని పుకారు. ఎవరి కుర్చీలో వాళ్ళు ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. అయితే ఆ రోజు ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆలస్యంగా వస్తానన్నాడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదని పిన్ని కంప్యూటరు ముందు కూర్చుంది.

కాగితపు ఇల్లు కనబడింది. నొక్కింది. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కింది. కంగారులో ఏది నొక్కిందో ఏమో, తెర మీది బొమ్మలన్నీ ఒకేసారి ఎంపికై నీలిరంగుకు తిరిగాయి. అంతలో లారీ డ్రైవరు గేటు దగ్గర కేకలు మొదలుపెట్టాడు. లేబుళ్ళు తారుమారయ్యాయట. పిన్ని అటు పరిగెత్తింది. ఆమె వెనకాల ప్రింటరు ఒళ్ళు విరుచుకుని నిద్రలేచింది.

పిన్ని తిరిగివచ్చేసరికి ప్రింటరులో కాగితాలు నిండుకున్నాయి. ముద్రపడినది మాత్రం ఒక్కటీ లేదు.

ఆ ఆఫీసులో అటెండరు పేరు ఎక్స్‌ప్రెస్. మేనేజరు గదిలోంచి వచ్చిన సర్క్యులరును సిరా ఆరకముందే బల్లబల్లకూ చేర్చడం ఆయన గొప్ప. ఆ ప్రింటరులోంచి వచ్చే ప్రతి కాగితం అడుగునా "మేనేజరు గది" అని దానంతటదే ముద్రపడుతుంది. ఇంకేం కావాలి?

"అన్నయ్యా, ఇక్కడి కాగితాలేవి?" అని పిన్ని గుండె చేత్తో పట్టుకుని అడిగింది.

"పంచేశాను చెల్లెమ్మా, బల్లకొకటి!" అన్నాడు ఎక్స్‌ప్రెస్ మీసం దువ్వుకుంటూ. "మిగిలినవాటిలో మంచిది ఏరి సారు బల్లమీదే పెట్టాను. ఆఫీసు కాపీ ఉండాలి కదా!"

జనం అప్పుడే రావడం మొదలైంది. నిజం చెబితే ఉద్యోగానికి ఎసరు. చెప్పకుండా కాగితాలు వెనక్కి లాక్కోవాలి. ముందుగా పిన్ని స్టోరు బాబాయ్ దగ్గరికి పరిగెత్తింది.

బాబాయ్ తన బొమ్మను రెండు చేతులతో పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఉన్నితో చేసిన గుడ్లగూబ. ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి ఉంది.

"ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి బాబాయ్, వెనకవైపు ఖాళీయేమో చూస్తాను."

"ఖాళీయా? నా బతుకంతా ఇందులోనే ఉంది!" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "మధ్యాహ్నం పూట పెట్టెల వెనకాల కాసేపు నడుం వాలుస్తాను పిన్నీ. ఎవరికీ తెలీదనుకున్నా. ఆయనకు తెలిసిపోయింది. ఒక కన్ను మూసుకున్నావు, రెండోది కూడా మూయిస్తానంటున్నాడు!"

"ఛఛ, అది ఉత్త గుడ్లగూబ బాబాయ్."

"పొద్దున్నే ఉత్త గుడ్లగూబను ఎవరు పంపిస్తారు?"

అప్పుడే మేనేజరు వచ్చాడు. బుగ్గ బూరెలా వాచి ఉంది. నోట్లో దూది. ఎవరివంకా చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పిన్ని ఆపేలోపల బాబాయ్ ఆ వెనకే దూరిపోయాడు. కాసేపటికి పాలిపోయిన మొహంతో బయటికి వచ్చాడు.

"అంతా ఒప్పేసుకున్నాను. తిట్టలేదు పిన్నీ. 'ఊఁ' అన్నాడు. తిట్టినా బాగుండేది!"

ఈలోగా లెక్కల మేడం లేచింది. మేడం భారీ మనిషి. ఆమెకు అందిన బొమ్మలో బుల్లి పీటమీద ఏనుగు కూర్చుని ఉంది. పీట కాళ్ళు వంకర్లు పోతున్నాయి.

"మేడం, ఒక్క మాట..." అని పిన్ని అడ్డం వెళ్ళింది.

"తప్పుకో పిన్నీ. విరిగిన కుర్చీ మార్చమని ఏడాదిగా మొత్తుకుంటుంటే, మార్చింది లేదు సరికదా, బొమ్మ పంపి వెక్కిరిస్తాడా? ఇవాళ అటో ఇటో తేలిపోవాలి!"

తలుపు ధడాలున తెరుచుకుంది. "నాకు కుర్చీ కావాలి! ఇప్పుడే కావాలి!" అన్న అరుపు హాలంతా వినబడింది. అందరూ పెన్నులు కింద పెట్టారు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. లెక్కల మేడం మేనేజరుగారి చక్రాల కుర్చీని, ఆ నల్లతోలు కుర్చీనే, తోసుకుంటూ బయటికి వచ్చింది. తన బల్ల దగ్గర నిలిపి కూర్చుంది. ఆమెకే నమ్మకం కుదరనట్టు ఒకసారి లేచి మళ్ళీ కూర్చుంది.

హాల్లో గుసగుసలు గుప్పుమన్నాయి. కుర్చీ ఇచ్చాడంటే పదవి ఇచ్చినట్టే! ముందుగా బాబాయ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఎక్స్‌ప్రెస్ ఎవరూ అడక్కుండానే టీ తెచ్చి ముందు ఆవిడకిచ్చాడు.

ఊళ్ళు తిరిగి ఆర్డర్లు తెచ్చే సేల్స్ బావ పరుగున వచ్చాడు. కనబడిన మగాణ్ణల్లా "బావా" అంటాడు కాబట్టి ఆయనకా పేరు. ఆయన బొమ్మలో దారంతో కుట్టిన సూట్‌కేసు, దానిమీద ఎగరబోతున్న పిట్ట. సొరుగు అప్పటికే ఖాళీ చేసి సంచిలో వేసుకున్నాడు.

"మేడం, నన్ను బదిలీ చేసింది ఆయన. ఇప్పుడు మీరొచ్చారు. మీరు తలుచుకుంటే ఆపలేరా? పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి."

లెక్కల మేడానికి సంగతేమిటో ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక అర్థం కాలేదని ఒప్పుకోవడం బాగుండదు. "చూద్దాంలే" అంది.

"ఆ మాటే చాలు మేడం! ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఇంటావిడకు ఫోన్ చేసి చెప్పేశాను కూడా. ఇప్పుడు మళ్ళీ చేసి కాదని చెబుతాను." ఫోన్ చేశాడు. అటునుంచి ఏం వినబడిందో, మెల్లిగా కుర్చీలో కూలబడ్డాడు. "టు-లెట్ బోర్డు కట్టేసిందట. చూడ్డానికి ఇద్దరొచ్చారట పిన్నీ!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పిన్ని ఇక తట్టుకోలేకపోయింది. నవ్వులాటకు ఒక గుడ్లగూబ సరే, ఒక ఏనుగు సరే. పిల్లలు గల మనిషి తన బొమ్మల పిచ్చి వల్ల వీధిన పడితే ఆ ఉసురు ఊరికే పోతుందా? పోతే తన ఉద్యోగమే పోనీ అని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

మేనేజరు ఒక అట్టపెట్టెను బోర్లించి దానిమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక బొమ్మ ఉంది. అందంగా చెక్కిన కొయ్య కుర్చీ. కుర్చీ ఖాళీ. దానిమీద పిచ్చుక గూడు.

"లండమ్మా" అన్నాడు ఆయన దూది మధ్యనుంచి. "మీలూ చూశాలా? నా కుల్చీ ఖాలీ అయింది."

"సార్, నేను..."

ఆయన దూది తీసి చెత్తబుట్టలో వేశాడు. "ఇది నా గదిలోంచే ముద్రపడింది. అంటే ఎవరో నా కుర్చీలో కూర్చుని తీశారు. నా తర్వాతవాళ్ళు అప్పుడే వచ్చేశారన్నమాట. ఎవరా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ఆ మేడం వచ్చి కుర్చీ ఇమ్మన్నారు. ఇచ్చేశాను. మొదటి రోజునుంచీ భయంగానే ఉందమ్మా. మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని నోరు కూడా విప్పలేదు."

ఇన్నాళ్ళూ ఊరంత ఆఫీసూ ఈయన్ని చూసి వణుకుతుంటే, ఈయన ఆఫీసును చూసి వణుకుతున్నాడు! పిన్ని నిలబడే మొత్తం చెప్పేసింది. తన పిచ్చి, మొగుడి మాట, నీలిరంగుకు తిరిగిన తెర, ఎక్స్‌ప్రెస్ చురుకుదనం, ఏదీ దాచలేదు. మేనేజరు మొదట రెప్ప వేయలేదు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత బుగ్గ పట్టుకుని "అబ్బా, అబ్బా" అంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆయన నవ్వుతాడని ఆ గోడలకు కూడా అప్పుడే తెలిసి ఉంటుంది.

ఇద్దరూ హాల్లోకి వచ్చారు. ఎవర్నీ తీసేయడం లేదని, బదిలీలు లేవని, బావ ఇంటావిడతో తానే మాట్లాడతానని మేనేజరు చెప్పాడు. బొమ్మలు పొరపాటున వచ్చినవని పిన్ని చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ నమ్మలేదు.

"మంచిదానివి కాబట్టి నీమీద వేసుకుంటున్నావు పిన్నీ" అన్నాడు బాబాయ్ గుడ్లగూబను మడిచి జేబులో పెట్టుకుంటూ. "నాకు అందాల్సింది అందింది. ఇక పగలు నిద్రపోను."

మేనేజరు లెక్కల మేడం వైపు తిరిగి, మొహమాటంగా కుర్చీ వంక చూశాడు.

"కుర్చీ కూడా పొరపాటున ప్రింటయిందా సార్?" అంది ఆవిడ కదలకుండా.

ఆయన వెనక్కి వెళ్ళి తన పెట్టెమీద కూర్చున్నాడు. కంపెనీ సరుకు ఎంత గట్టిదో ఆయనే స్వయంగా తెలుసుకునే అవకాశం ఆ విధంగా దొరికింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోతున్నారు. ఎక్స్‌ప్రెస్ మాత్రం పిన్ని బల్ల దగ్గర నిలబడి కదలడం లేదు.

"ఏమిటన్నయ్యా?"

"అందరికీ వచ్చాయి చెల్లెమ్మా. నాకే రాలేదు."

"అవి ఎవరికీ ఎవరూ పంపలేదన్నయ్యా. నువ్వే పంచావు!"

"అదే నేననేది. అన్నీ నా చేత్తోనే పంచినా, నాకంటూ ఒక్కటి లేదు. అంటే నేనున్నా లేకపోయినా ఒకటేననేగా?"

ఆయన మొహం చూడలేక పిన్ని మేనేజరును అడిగి మళ్ళీ ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. తాబేలు వద్దు, నెమ్మది అనుకుంటాడు. గుర్రం వద్దు, చాకిరీ అనుకుంటాడు. దీపం వద్దు, ఆరిపోతుందనుకుంటాడు. కొంగ, గొడుగు, గడియారం, నిచ్చెన, దేన్ని చూసినా ఏదో ఒక దెప్పిపొడుపు కనబడుతోంది. ఇన్నాళ్ళూ ముచ్చటపడి దాచుకున్న వేల బొమ్మల్లో మనిషి చేతిలో నిశ్చింతగా పెట్టగలిగింది ఒక్కటీ కనబడదేమిటని విసుగెత్తిపోయింది. చిట్టచివరికి ఒకటి దొరికింది. పట్టుదారాలతో కుట్టిన సముద్రం, దాని అంచున ఎర్రటి సూర్యుడు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ముద్ర తీసి, రెండు చేతులతో అందించింది.

ఎక్స్‌ప్రెస్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. దూరంగా పట్టుకుని చూశాడు. దగ్గరగా పట్టుకుని చూశాడు.

"బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. "అయితే ఇది పొద్దు పొడుస్తున్నట్టా, గుంకుతున్నట్టా?"

ఆ బొమ్మ కుట్టినవాళ్ళు ఆ సంగతి ఎక్కడా రాయలేదు.