కంట్రోల్ హెచ్ నొక్కించిన నక్క

పెద్ద అడవి ఒకటుంది. దానికో ఆఫీసు, ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటరు. ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరు ఏ ఉద్యోగం చెయ్యాలో, సింహం గారు ఏ రోజు ఎవరిని తినాలో, అన్నీ ఒకే ఫైల్లో ఉండేవి.

ముఖ్య అధికారి నక్క. దానికి కంప్యూటరు ఆన్ చెయ్యడం కూడా రాదు. ఆపరేటరు కోతికి అన్నీ వచ్చు. కంట్రోల్ సి నొక్కితే కాపీ, కంట్రోల్ వి నొక్కితే పేస్టు. కాకపోతే నొక్కినప్పుడల్లా తోక అడ్డం పెట్టేది, ఎవరైనా చూసి నేర్చేసుకుంటారని.

ఏటి ఒడ్డున పచ్చిక నేల కుందేళ్లది. నక్క కన్ను దానిమీద పడింది.

"కుందేలు అని ఉన్నచోటల్లా నక్క అని మార్చాలంటే ఎన్నాళ్లు పడుతుందోయ్?"

"ఎన్నాళ్లేంటి సార్! కంట్రోల్ హెచ్ నొక్కి, పాత పేరు, కొత్త పేరు కొడితే చిటికెలో పని. ఏ పేజీలో మార్చమంటారు?"

"పేజీలు చూసే తీరిక నాకెక్కడిది? ఫైలు మొత్తం మార్చెయ్."

"తేడా వస్తే కంట్రోల్ జెడ్ నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు సార్. ఓసారి చూసుకుని..."

"వెనక్కి రాకూడదనే కదా నా బాధ! సేవ్ చేసి మూసెయ్."

కోతి మూసేసింది.

మర్నాడు దూదమ్మ అనే ముసలి కుందేలు పరుగున వచ్చింది. "మా తాతల నాటినుంచీ ఆ గడ్డిలోనే ఉన్నాం బాబూ. ఉన్నపళాన పొమ్మంటే పిల్లల్ని ఎక్కడ దాచుకోవాలి?"

"కంప్యూటర్లో ఉన్నదే నిజమని సింహం గారి ఉత్తర్వు. అందులో నా పేరుంది" అంది నక్క, గోళ్లు చూసుకుంటూ.

దూదమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అంతలో వంటశాల నుంచి తోడేలు కాగితం పట్టుకొచ్చింది.

"ఈ రోజు భోజనం నక్క అని వచ్చిందండీ. రేపూ నక్కే. నెలంతా నక్కే. ముందు తమరు దయచేస్తారా?"

"పొరపాటయ్యా! అక్కడ కుందేలని ఉండాలి!"

"కంప్యూటర్లో ఉన్నదే నిజం కదండీ" అంది తోడేలు ఎంతో వినయంగా.

నక్క కిటికీలోంచి దూకింది. ఏరు దాటాక కూడా ఆగలేదు.

ఆకలి మీదున్న సింహం స్వయంగా ఆఫీసుకొచ్చింది. "అంతా మునుపటిలా చెయ్యి!"

కోతి కంట్రోల్ జెడ్ నొక్కింది. పదిసార్లు నొక్కింది. ఒకసారి మూసేసిన ఫైలు కదా, అక్షరం కదల్లేదు. చేసేది లేక మళ్లీ కంట్రోల్ హెచ్ నొక్కి, నక్క ఉన్నచోటల్లా కుందేలు అని మార్చేసింది.

నేల కుందేళ్లకు తిరిగొచ్చింది. పళ్లెంలోకి వెళ్లే వంతూ వాటికే వచ్చింది. 'ముఖ్య అధికారి: నక్క' కాస్తా 'ముఖ్య అధికారి: కుందేలు' అయి కూర్చుంది.

సింహం చదివి, "కంప్యూటర్లో ఉంటే అలాగే కానివ్వండి. ఈ పూట పస్తుంటాను, రేపు మాత్రం భోజనం వేళకి రావాలి" అని వెళ్లిపోయింది.

దూదమ్మ కళ్లు తుడుచుకుని కుర్చీ ఎక్కింది. "ఆ కంట్రోల్ హెచ్ ఏదో కాస్త చూపించు నాయనా."

కొత్త అధికారి మెప్పు కోసం కోతి ఒక్కో మీటా ఓపిగ్గా చూపించింది.

"మొత్తం కాకుండా ఒక్క పేజీలోనే మార్చాలంటే?"

అదీ చూపించింది.

"చల్లగా ఉండు. వెళ్లి టీ తాగి రా."

కోతి తిరిగొచ్చేసరికి వంటశాల పేజీ తెరిచి ఉంది. కుందేలు ఉండాల్సిన ప్రతి గడిలోనూ కోతి అని ఉంది. పక్కనే తోడేలు నిలబడి ఉంది.

"అమ్మా! కంట్రోల్ జెడ్ నొక్కండమ్మా!"

"సేవ్ చేసి మూసి, మళ్లీ తెరిచాను నాయనా" అంది దూదమ్మ.

నీతి: షార్ట్‌కట్లు తెలిసిన ఉద్యోగిని కదిలించడం ఎవరి తరమూ కాదు, వాటిని పై అధికారికి నేర్పేదాకా.