చివరి కారు వచ్చేదాకా

"ఆ ప్లయరు దేనికండీ?" అంది ఇల్లాలు, గుమ్మానికి అడ్డంగా చీపురు పెట్టి.

అద్దాలాయన అప్పటికే ఒక కాలు బయటపెట్టేశాడు. కళ్ళద్దాల కొట్టు పెట్టిన నాటినుంచీ వీధంతా ఆయన్ని అద్దాలాయనే అంటుంది. అసలు పేరు ఆయనకే ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు గానీ గుర్తురాదు.

"కళ్ళజోడు స్క్రూ బిగించాలి. ఎవరో ఇచ్చి వెళ్ళారు."

"మూరెడు ప్లయరుతోనా? పెట్టుకునేది మనిషా, ఏనుగా?"

"మా పనిలో కిటుకులు నీకు తెలీవులే."

"పోనీ, ఇంత ఉక్కలో ఆ మంకీ టోపీ ఏంటి?"

"చలిగా ఉంది," అన్నాడు అద్దాలాయన, చెమట తుడుచుకుంటూ. అనేసి చీపురు దాటి వెళ్ళిపోయాడు. అబద్ధాలాడటం రానివాడు ఆడకుండా ఊరుకోవచ్చు కదా! ఊరుకోడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఆయన పన్నిన పన్నాగం ఏమిటో చెప్పాలంటే ముందు ఫ్యూజు సంగతి చెప్పాలి.

ఫ్యూజు టీవీ మెకానిక్కు. ఎవరింట్లో కరెంటు పోయినా అన్నం ముందునుంచి లేచి పరుగెత్తేవాడు. సొంతింట్లో మాత్రం సగం స్విచ్చులు అలంకారానికే ఉండేవి. అతనికి కార్ల రేసులంటే ప్రాణం. ఆదివారం రేసు ఉందంటే చాలు, అద్దాలాయన, మంగలిషాపు కత్తెర, బస్సు డ్రైవరు బ్రేకు, ముగ్గురూ అతనింట్లో వాలిపోయేవాళ్ళు.

నలుగురిలో ఒక్కడికీ కారు లేదు. అద్దాలాయనకి సైకిలుంది, ఎత్తు వస్తే దిగి నడిపిస్తాడు, పల్లం వస్తే భయమేసి దిగి నడిపిస్తాడు. బ్రేకు పాతికేళ్ళ సర్వీసులో బస్సుని నలభై దాటించిన పాపాన పోలేదు. టీవీలో మలుపు వస్తే చాలు, కూర్చున్నచోటే కుడికాలు నేలకేసి తొక్కేవాడు. ఆ కాలికింద ఫ్యూజు ఇంటి గచ్చు చిన్నగా గుంటపడింది కూడా.

ఆ ముందుగదిలో సోఫా లేదు. పాతసామాను కొట్టునుంచి బ్రేకు మోసుకొచ్చిన బస్సు సీటు ఉంది, ముగ్గురు పట్టేది. "ఇంట్లో బస్సు సీటేంటయ్యా, టిక్కెట్లు కూడా కొడతారా?" అని ఫ్యూజు భార్య, అంటే వీళ్ళందరికీ వదిన, నెత్తి కొట్టుకునేది. నెత్తి కొట్టుకుంటూనే టీ పెట్టేది.

వాళ్ళకో పద్ధతుండేది. ఎవరు నమ్ముకున్న కారు వెనకబడితే వాళ్ళు ఆ పూట కప్పులు కడగాలి. ఎప్పుడూ కడిగేది ఫ్యూజే. ఎందుకంటే ఎప్పుడు చూసినా అందరికన్నా చివర నడిచే కారునే పట్టుకునేవాడు.

"గెలిచేవాడికి లోకమంతా ఉందిరా," అనేవాడు. "ఆ చివరివాడికి ఎవరున్నారు? వాడు మాత్రం పొద్దున్నే లేచి తయారై రాలేదా?"

ఆ చివరి కారు గీత దాటేదాకా టీవీ కట్టేయనిచ్చేవాడు కాదు. ముందొచ్చినవాళ్ళు కప్పులు పుచ్చుకుని, ఫొటోలు దిగి, ఇంటిదారి పట్టినా సరే.

అలాంటి ఫ్యూజు ఆర్నెల్ల క్రితం, టీ తాగుతూ తాగుతూ, కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాడు. వీధివీధంతటికీ ఫ్యూజులు వేసినవాడికి తనది పోతే వేసే నాథుడు లేకపోయాడు.

ఆ రోజు అంత ఏడుపులోనూ అద్దాలాయన అందరిముందూ లేచి నిలబడి, "వదినా, వాడు లేని రేసు మాకొద్దు. జన్మలో చూడం," అని ఒట్టు పెట్టేశాడు. తన తరఫునే కాదు, కత్తెర తరఫునా, బ్రేకు తరఫునా కూడా. కత్తెర గిల్లాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఒట్టు సంగతి అలా ఉంచండి. అసలు సంగతి అద్దాలాయన ఎవరికీ చెప్పుకోలేదు. ఆనాటినుంచీ ఆయన ఆ ఇంటి గడప తొక్కలేకపోయాడు. వదినని పలకరిద్దామని బయల్దేరతాడు, గేటుదాకా వెళ్తాడు, కిటికీలోంచి బస్సు సీటు కనిపిస్తుంది. అంతే, చెప్పు తెగినట్టు వంగి, దాన్నే చూసుకుంటూ వెనక్కి తిరుగుతాడు. ఆ చెప్పు నిజంగా అన్నిసార్లు తెగుంటే కుట్టేవాడు ఈపాటికి మేడ కట్టేవాడు.

అందుకే ఈ పన్నాగం. శనివారం మాటుగా వదినవాళ్ళ డాబా ఎక్కి టీవీ వైరు కోసెయ్యాలి. ఆదివారం బొమ్మ రాకపోతే వదిన ఎవరికి ఫోను చేస్తుంది? మరిదికే, అంటే తనకే. మరిది ఇద్దరు సహాయకుల్ని వెంటేసుకుని వెళ్తాడు. వైరు కలిపి, బొమ్మ వచ్చిందో లేదో చూస్తాడు. ఆ చూడటంలో రేసు దానంతటదే వస్తే అది ఎవరి తప్పు?

"పనిమీద వెళ్ళినట్టుంటుంది, ఒట్టు తప్పినట్టూ ఉండదు," అన్నాడు అద్దాలాయన మిగతా ఇద్దరితో.

"నువ్వు కళ్ళద్దాలమ్ముకోవాల్సినవాడివి కాదురా, కోర్టులో ఉండాల్సినవాడివి," అన్నాడు కత్తెర.

"ఏ బోనులో?" అన్నాడు బ్రేకు.

శనివారం మసక చీకటి పడేదాకా కొట్లో కాచుకుని, మంకీ టోపీ లాక్కుని, ఆ ఇంటి బయటిమెట్ల మీదుగా డాబా ఎక్కాడు అద్దాలాయన. పైన చూస్తే పిల్లి ఆడి వదిలేసిన ఊలు ఉండలా ఉన్నాయి వైర్లు. అన్నీ ఫ్యూజు చేతి చలవే. వాటి మధ్య ఒక్క వైరు మాత్రం శ్రద్ధగా, ముచ్చటగా, ఎర్ర టేపు చుట్టి ఉంది. 'ఇంత ప్రేమగా చుట్టుకున్నాడంటే ఇది వాడి సొంత లైనే' అనుకున్నాడు. ఆ టేపుని ఒకసారి వేలితో నిమిరాడు. "ఏమనుకోకురా," అని కసుక్కున కోసేశాడు.

మునివేళ్ళమీద మెట్లు దిగి, వంటింటి కిటికీ కింద బకెట్టు తన్నాడు. వీధి చివరిదాకా వినపడేంత చప్పుడైంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎవరూ బయటికి రాలేదు. అదృష్టమంటే నాదే అనుకుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లాలు యథాప్రకారం కుట్టు క్లాసుకి బయల్దేరింది. ప్రతి ఆదివారం వెళ్తుంది. ఆర్నెల్లుగా నేర్చుకుంటున్నా ఇంటికి ఇంతవరకూ ఒక జేబురుమాలు కూడా రాలేదు. ఊళ్ళోవాళ్ళ చూపులన్నీ సరిచేసే అద్దాలాయనకి ఇది మాత్రం కనిపించలేదు.

కొట్లో ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు. ఫోను మోగింది. అద్దాలాయన ఎగిరి అందుకుని, "వస్తున్నా వదినా!" అన్నాడు. అవతలనుంచి ఎవరో ముసలాయన, "వదినెవర్రా, నా జోడు ఏం చేశావ్?" అన్నాడు.

మళ్ళీ మోగలేదు.

"మొదలైపోయే వేళయింది," అన్నాడు బ్రేకు. కుడికాలు అప్పుడే ఆడుతోంది.

"నీ టీవీ ఒక్కసారి పెట్టరా," అన్నాడు కత్తెర. "చూడటానికి కాదు. మొదలైందో లేదో తెలుసుకోడానికి."

కొట్లో టీవీకి ఆర్నెల్లుగా గుడ్డ కప్పే ఉంది. దుమ్ము దులిపి పెట్టారు. తెరమీద బొమ్మ లేదు, ఉత్త చుక్కలు.

"వదినది కోస్తే నీది పోయిందేంట్రా?" అన్నాడు బ్రేకు.

కత్తెర లేచి వెనక కిటికీలోంచి, సందు అవతలున్న ఫ్యూజు ఇంటికేసి తొంగి చూశాడు. కొట్టు కప్పుమీదనుంచి బయల్దేరిన వైరు సందు దాటి ఫ్యూజు డాబా దాకా వెళ్ళాలి. వెళ్ళలేదు. సందు మధ్యలో వేలాడుతోంది. దాని కొసకి ఎర్ర టేపు.

"ఒరే," అన్నాడు కత్తెర మెల్లిగా, "నువ్వు కోసుకుంది నీ వైరే."

అద్దాలాయన స్టూలుమీద కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది. బేరాలు లేక, ఆదివారాలు కూడా కొట్టు తెరవాల్సి వచ్చిన రోజుల్లో రేసులు తప్పిపోతున్నాయని ఏడిస్తే, ఒకరోజు ఫ్యూజు వచ్చి, "కొట్లో ఓ పాత టీవీ పడేస్తున్నాను, బొమ్మ వస్తుంది చూస్కో. ఎలా వస్తుందని అడక్కు," అన్నాడు. ఈయన నిజంగానే అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తలెత్తి ఆ వైరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడలేదు. వాడు తనకోసం అంత శ్రద్ధగా చుట్టి పెట్టినదాన్ని పోయి పోయి తన చేత్తోనే కోశాడు. మిగతా ఇద్దరూ నేలచూపులు చూశారు.

సరిగ్గా అప్పుడు సందు అవతలినుంచి ఇంజన్ల హోరు వినిపించింది. దాన్ని మించి ఒక ఆడగొంతు.

"తొక్కరా నాయనా, తొక్కూ! వాడికి దారిస్తావేంట్రా దద్దమ్మా!"

"ఎవర్రా అది?" అన్నాడు బ్రేకు బెదిరిపోయి.

ఎవరో అద్దాలాయనకి తెలుసు. ఆ 'దద్దమ్మా' ఆయన రోజూ వినేదే.

ముగ్గురూ పరుగెత్తారు. గేటు దగ్గర అద్దాలాయన అలవాటు కొద్దీ చెప్పుకోసం వంగాడు. "తెగలేదు, పద," అని బ్రేకు వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ఆ ఊపుకి ఆర్నెల్లుగా తొక్కని గడప ఒక్క అంగలో దాటేశాడు.

బస్సు సీటుకి ఒక చివర వదిన, రెండో చివర కాళ్ళు పైకి మడుచుకుని ఇల్లాలు. ఒళ్ళో బిస్కట్ల డబ్బా. మధ్యలో చోటు ఖాళీగా ఉంది.

"వచ్చారా, ఏనుగుల డాక్టరుగారు?" అంది ఇల్లాలు, తెరమీంచి చూపు తిప్పకుండా.

"కుట్టు... క్లాసు..."

"ఇదే క్లాసు. అడ్డం తప్పుకోండి ముందు, నా కారు రెండోస్థానంలో ఉంది."

"ఆర్నెల్లనుంచీ ఇక్కడికా వస్తున్నావ్? నాకో మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే వచ్చేవారు. చెప్తే వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు వస్తారు? వద్దని అక్కే ఆపింది."

వదిన టీవీ సౌండు తగ్గించింది. మనిషి చాలా చిక్కిపోయింది. చిక్కిపోయావని చెప్పడానికి కూడా దగ్గర్లో లేకపోయానే అని అద్దాలాయనకి ప్రాణం చివుక్కుమంది.

"నిన్న ఇద్దరం వంటింట్లోనే ఉన్నాం మరిదీ," అంది వదిన. "మెట్లమీద నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదూ? 'వచ్చారక్కా, మీ మరిది వచ్చారు' అని నీ పెళ్ళాం మూడు కప్పులు టీ పోసింది. నువ్వు పైకెక్కావ్, ఏదో కోశావ్, దిగావ్, నా బకెట్టు తన్నావ్, వెళ్ళిపోయావ్. ఆ మూడో కప్పు అలాగే చల్లారిపోయింది."

అద్దాలాయన మంకీ టోపీ జేబులో ఉంది. దాన్ని పిండుతూ నిలబడ్డాడు.

"ఆయన లేని రేసు మాకొద్దన్నావ్ ఆవేళ," అంది వదిన. "ఆయన లేని వదిన కూడా మీకొద్దేమో అనుకున్నా."

కత్తెర ముఖం పక్కకి తిప్పుకున్నాడు. బ్రేకు కాలు ఆగిపోయింది.

"అది కాదు వదినా," అన్నాడు అద్దాలాయన. "ఆ సీటు... చూళ్ళేక..."

"నేను రోజూ చూస్తున్నాగా," అంది వదిన.

అద్దాలాయన నేలమీద చతికిలబడబోయాడు. "అక్కడ కాదు," అంది వదిన, మధ్యచోటు చేత్తో దులిపి. ఆయన దాని అంచుమీద, దిగే స్టేజీ వచ్చేసినవాడిలా, భయంభయంగా కూర్చున్నాడు.

"నీ కారేది వదినా?" అన్నాడు బ్రేకు, ఏదో ఒకటి అనాలని.

"అదిగో, ఆ వెనక. అందరికంటే వెనక," అంది వదిన. "ఎవరో ఒకరుండాలి కదా వాడికి."

ఇల్లాలు ఆ రెండోస్థానం వాణ్ణి తిడుతూనే ఉంది, తిడుతూ తిడుతూనే గెలిపించింది. గెలిచినవాడు మెట్లెక్కి గంతులేశాడు. ఎవరూ టీవీ కట్టెయ్యలేదు. తెరమీద వరసగా ఉన్న పేర్లలో ఆఖరి పేరు కేసి అందరూ చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి ఆ కారు వచ్చింది. వెనకాల సన్నగా పొగ వదులుకుంటూ, ఎవరూ జెండా ఊపకపోయినా గీత దాటింది. అప్పుడు వదిన లేచి టీవీ కట్టేసింది.

"ఆ వైరు నేను కలిపేస్తాలే," అన్నాడు కత్తెర, వాతావరణం తేలిక చేద్దామని.

"వద్దు," అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే.

"కొట్లో బొమ్మ వస్తే మళ్ళీ అక్కడే పాతుకుపోతారు," అంది ఇల్లాలు. "తెగినది తెగినట్టే ఉండనీ. రేసు కావాలంటే ఇక్కడికే రావాలి. కోసింది మీరేగా, మేము చెయ్యి పెట్టామా?"

ఆర్నెల్లు ఆలోచించి పన్నిన పన్నాగం ఇంత తేలిగ్గా, ఎవరూ కష్టపడకుండా, వాళ్ళకి కావలసినట్టే జరిగిపోవడం చూసి అద్దాలాయన మంకీ టోపీతో ముఖం తుడుచుకున్నాడు. వదిన కప్పులు తీయబోతే అడ్డంవెళ్ళాడు.

"ఇటివ్వు వదినా. ఇవాళ ఆ చివరి కారు నాది."

కప్పులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కొళాయి పూర్తిగా తిప్పేశాడు. నీళ్ళ చప్పుడు బాగా పెద్దదయ్యేదాకా ఆగాడు. ఆగి, ఫ్యూజు రోజూ నిలబడేచోట నిలబడి, ఆర్నెల్లుగా ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.

"ఏమైందండీ?" అంది వెనకనుంచి ఇల్లాలు.

"ఏం లేదు," అన్నాడు, తిరక్కుండానే. "సబ్బు నురగ కంట్లో పడింది."

"అయ్యో," అంది ఆవిడ, దగ్గరకొచ్చి పక్కన నిలబడి. "పాతది అయిపోయిందని చెప్పడానికే వచ్చా."

చెయ్యి చాపింది. చేతిలో కొత్త సబ్బు ఉంది, ఇంకా కాగితం కూడా విప్పలేదు.