ముందు చక్రాలు, వెనక చక్రాలు, మధ్యలో సోఫా

మా ఇంట్లో వాటాల పంపకం జరుగుతోందని పక్కింటావిడ వీధంతా చెప్పిందట. ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే ఆయన చెబితే నాకు తెలిసింది. "బావా బావమరుదులు రోజూ అరుచుకుంటున్నారు. ముందుదే మంచిదని ఈయన, వెనకదే మంచిదని ఆయన! పాపం, ఆ నర్సమ్మ మధ్యలో నలిగిపోతోంది" అందట.

పంచుకోవడానికి మా దగ్గరేముందండీ! మేం పోట్లాడుకునేది వీడియో గేములో కారు పందేల గురించి. ముందు చక్రాలతో లాగే కారు మేలా, వెనక చక్రాలతో తోసే కారు మేలా? ఇంతకన్నా పెద్ద ప్రశ్న మనుషులకింకేముంది? ఈ వాదన లేని ఇల్లు అసలు ఇల్లే కాదని నా నిశ్చితాభిప్రాయం.

నాది ముందు చక్రాల పార్టీ. దూడ మెడకి తాడు కట్టి ముందు నుంచి లాగండి. మొరాయించినా చివరికి మన వెంటే వస్తుంది. అదే వెనక నుంచి తోలండి. తోకెత్తి ఎటు పోతుందో దానికే తెలియదు! గేములోనూ అంతే. వెనక చక్రాల కారు మలుపులో ఉండగా యాక్సిలరేటర్ కాస్త గట్టిగా నొక్కారా, గిర్రున తిరిగి వచ్చిన దారికేసి చూస్తూ నిలబడుతుంది.

మా బావమరిది ఒప్పుకోడు. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పగలంతా పైకీ కిందికీ తప్ప పక్కకి తిరగనివాటితో వేగి, సాయంత్రం మా ఇంటికొచ్చి మలుపుల మీద పడతాడు.

"తాడు పట్టి లాగితే వచ్చే దూడ ఎప్పుడైనా పరుగు పందెం గెలిచిందా బావా? నీ కారు స్టీరింగ్ ఎంత తిప్పినా తిన్నగా గోడ దగ్గరికే పోతోంది. గోడతో ఏమైనా చుట్టరికమా?"

"నీ కారు మాదిరి నాది బొంగరంలా తిరగదులేరా!"

చూశారా, ఎంత ఆరోగ్యకరమైన సంభాషణో! ఒకప్పుడు మేం రాజకీయాలు మాట్లాడుకుని బీపీ తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడా బాధ లేదు. పెట్రోలు కాలదు, టైరు అరగదు. ఇప్పటిదాకా నేను మూడు వందల ప్రమాదాలు చేశాను. ఒక్క గీతైనా పడిందా? గోడకి గుద్దుకోగానే రివైండ్ నొక్కితే కారు బుద్ధిగా వెనక్కొస్తుంది. నిజం కారుకి ఈ సౌకర్యం ఏదీ? అందుకే దాన్ని కవరు కప్పి ఇంటి ముందు ఉంచేశాం. ఇద్దరికీ లైసెన్సులున్నాయి, వాటికి మచ్చ రానివ్వం. ఆ కారు ముందు చక్రాలదా, వెనక చక్రాలదా అంటారా? కవరు తీసి చూడాలి.

మా ఆవిడకి ఈ శాస్త్రం ఒంటబట్టలేదు. ఆమె నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకి వెళ్లి చూసే ఉద్యోగం వాళ్ల ఆసుపత్రిలో ఖాళీ అయింది. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసిన పని అది. నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఆమెకి, లేకపోతే వేరేవాళ్లకి.

"రోజూ ఒక్క గంట పక్కన కూర్చోండి, చాలు" అంది. లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా నేర్చుకునేవాళ్లు బండి కదపకూడదట.

అడగడమే ఆలస్యం, ఇద్దరం నేర్పడం మొదలుపెట్టాం. సోఫాలోంచే! మలుపుకి ముందు బ్రేకు, మలుపు దాటాక యాక్సిలరేటర్. ఇంత విద్య ఎవరు చెబుతారు ఊరికే? "ఈ ఒక్క రేసు అవనీ అక్కా, వచ్చేస్తా" అనేవాడు వాడు. "వీణ్ణి ఓడించి వస్తున్నా" అనేవాణ్ణి నేను. ఓడినవాడు ఇంకొక్కసారి అని బతిమాలుతుంటే, గెలిచినవాడు లేచిపోవడం మర్యాదా? మీరే చెప్పండి!

మూడు వారాలు ఆమె ఒక్కతే వెళ్లి, కవరు తీసి, ఇంజను ఆపి ఉన్న కారులో కూర్చుని, క్లచ్ తొక్కుతూ గేర్లు మార్చుకుంది. ఆ టకటకలు కిటికీలోంచి వినపడి మా ఏకాగ్రత చెడింది. ఏం చేస్తాం? టీవీ సౌండు పెంచుకున్నాం.

నిన్న టెస్టు. గడువుకి అదే ఆఖరి రోజు. మాకూ ఫైనల్ ఉండడంతో ఇద్దరం పనికి సెలవు పెట్టాం. మధ్యాహ్నం ఆమె వచ్చి, చెప్పులు విప్పి, హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పడేసింది. ఇన్నాళ్ల మా వాదన తేలే ఘడియ వచ్చిందని కంట్రోలర్లు కింద పెట్టి లేచి నిలబడ్డాం.

"అక్కా, వాళ్లిచ్చిన కారు ముందు చక్రాలదా, వెనక చక్రాలదా? మలుపులో ఎటు లాగింది?" అన్నాడు వాడు ఆత్రంగా.

ఆమె మంచినీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఫెయిలయ్యాను. ఏ చక్రాలో చూళ్లేదురా. నేను స్టీరింగ్ పట్టుకున్న బండి కదలడం నాకదే మొదటిసారి."